అన్నయ్య యుద్ధంలో ఉండగా ‘యుద్ధం ఆపండి’ అనొచ్చా?

ప్రశ్న: మా దేశం యుద్ధంలోకి దిగి ఐదు నెలలైంది. దేశం పేరు, నా పేరు వేయకండి. మా అన్నయ్య సైన్యంలో ఉన్నాడు, అదీ ముందు వరసలో. వదిన, ఇద్దరు పిల్లలు మా ఇంట్లోనే ఉంటున్నారు. ఈ యుద్ధం మొదలుపెట్టడమే తప్పని, ఇప్పటికైనా చర్చలకు కూర్చోవాలని నా నమ్మకం. వచ్చే నెల జరిగే శాంతి ర్యాలీకి వెళ్తానని ఇంట్లో చెప్పాను. నాన్నగారు మండిపడ్డారు. “వాడు అక్కడ ప్రాణాలొడ్డి నిలబడితే నువ్వు ఇక్కడ వెన్నులో పొడుస్తావా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. యుద్ధం అయ్యాక ఎన్ని ప్రశ్నలైనా అడుక్కో, ఇప్పుడు మాత్రం నోరు మూసుకో” అన్నారు. నేనూ ఊరుకోలేదు. “వాడు చేస్తున్నది హత్యలే కదా” అనేశాను. వదిన ఏమీ మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి బంధువుల వాట్సాప్ గ్రూపులో నన్ను దేశద్రోహి అంటున్నారు. ర్యాలీకి వెళ్ళాలా, మానాలా? వెళ్తే ఇంట్లో ఎలా నెగ్గుకురావాలి?

సమాధానం: ర్యాలీ సంగతి, నాన్నగారి సంగతి తర్వాత చూద్దాం. ముందు వదిన. మీ ఉత్తరం మొత్తంలో యుద్ధం వేళ ఆవిడ ఏం చేసిందన్నది ఒక్క వాక్యమే ఉంది, అదీ లేచి వెళ్ళిపోవడం గురించి. ఈ యుద్ధంలో మీ ఇంటి వరకు అందరికంటే ఎక్కువ పోగొట్టుకునే ప్రమాదం ఉన్నది ఆవిడకే. మీరు, నాన్నగారు ఆవిడ భర్త పేరు పెట్టుకుని వాదించుకున్నారు కానీ, ఇద్దరిలో ఎవరూ ఆవిడను ఒక్క మాట అడిగినట్టు లేదు.

‘హత్యలు’ అన్న మాటను వెనక్కి తీసుకోండి. నాన్నగారి ఎదుట కాదు, గ్రూపులో కాదు. పిల్లలు పడుకున్నాక, వదిన ఒక్కతే ఉన్నప్పుడు. “ఆ మాట తప్పు వదినా. అన్నయ్యను అనాల్సిన మాట కాదు. యుద్ధం మీద నా అభిప్రాయం వేరు, అన్నయ్య వేరు.” ఇంతే చెప్పి ఆగండి. ‘కానీ’ అని నాలుగో వాక్యం మొదలుపెట్టారా, అంతకుముందు చెప్పిన మూడూ కొట్టుకుపోతాయి. ర్యాలీకి వెళ్ళనా అని ఆవిడను అనుమతి అడగకండి. అడిగితే మీ నిర్ణయం బరువు ఆవిడ నెత్తిన పెట్టినట్టే. అడగాల్సింది వేరే ఉంది: “నేను బయట మాట్లాడితే నీకు గానీ పిల్లలకు గానీ ఎక్కడ ఇబ్బంది వస్తుంది?” బడిలో పిల్లల్ని ఎవరైనా ఏమైనా అంటారని ఆవిడ భయం కావచ్చు. మిగతా సైనికుల భార్యలు మాట్లాడటం మానేస్తారని కావచ్చు. ఆ దళంలో అన్నయ్యను వేరుగా చూస్తారని కావచ్చు. ఆవిడ చెప్పేదాన్ని బట్టి మీరు చేసే పనిలో కొన్ని మార్పులు తప్పవు. అవి ఎలాంటివో కింద చెప్తాం.

ఇక అసలు ప్రశ్న. వెళ్ళండి. మీ దేశంలో అది చట్టానికి లోబడే పని అయితే, మీ నమ్మకం మీరు రాసినంత గట్టిదైతే, వెళ్ళడమే సరి. అన్నయ్య సైన్యంలో ఉండటం అందుకు అడ్డం కాదు. అయితే ఎవరిని ఉద్దేశించి, ఏ మాటతో వెళ్తున్నారన్నది ముఖ్యం. మీ ఇంట్లో గొడవ చెడింది సరిగ్గా అక్కడే.

మీ ఇద్దరి మాటల్లో నాలుగు వేర్వేరు ప్రశ్నలు ముద్దగా కలిసిపోయాయి. ఈ యుద్ధం మొదలుపెట్టాల్సిందేనా? నడిపిస్తున్న తీరు సరైనదేనా? ఎలా, ఏ షరతులతో ముగించాలి? పోరాడుతున్నవాళ్ళకు మనం ఏం బాకీ ఉన్నాం? మీరు మొదటి ప్రశ్నకు ‘తప్పు’ అని జవాబు చెప్పారు. నాన్నగారికి అది నాలుగో ప్రశ్నకు జవాబుగా వినపడింది: మీ కొడుకు పడుతున్న కష్టానికి విలువ లేదు అని. ఆయన నాలుగో ప్రశ్న మీద నిలబడి తిట్టారు, మీరు దాన్ని మొదటి ప్రశ్నకు జవాబుగా తీసుకున్నారు: ప్రభుత్వం ఏం చేసినా ఒప్పే అని. తీరా చూస్తే నాలుగో ప్రశ్నలో మీ ఇద్దరికీ తేడా లేకపోవచ్చు. మూడో దానిలో కూడా మీరనుకున్నంత తేడా ఉండకపోవచ్చు. కొడుకు ఇంటికి రావాలని కోరుకోని తండ్రి ఎక్కడుంటాడు?

కాబట్టి నాన్నగారితో మళ్ళీ కూర్చునే ముందు ఒక పని చేయండి. నాలుగు చిన్న కాగితాలు తీసుకుని, ఒక్కోదాని మీద ఒక్కో ప్రశ్న రాసి, కింద మీ జవాబు రెండు వాక్యాల్లో రాయండి. రెండు వాక్యాల్లో పట్టకపోతే మీకే ఇంకా తేలలేదన్నమాట. మాటల్లో వాదిస్తుంటే ఒక ప్రశ్న మీంచి ఇంకోదాని మీదకు తెలియకుండానే దూకుతాం. కాగితం మీద ఆ దూకుడు కళ్ళకు కనిపిస్తుంది. నాన్నగారికి ఇష్టమైతే ఆయన్నీ రాయమనండి. రాయనంటే మీ కాగితాలే చూపించి, “ఇందులో మీరు ఒప్పుకోనిది ఏది?” అని అడగండి.

మాట్లాడటానికి వార్తల వేళ వద్దు. టీవీ ఆపి ఉండాలి. ఇద్దరే ఉండాలి, ఎందుకంటే చూసేవాళ్ళుంటే ఎవరూ వెనక్కి తగ్గరు. అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. ఆయన చెప్పిందాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పి, “అవును, నేనన్నది అదే” అని ఆయన అన్నాకే మీ జవాబు మొదలుపెట్టండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఎదుటివాళ్ళ మాటను కాస్త వంకరగా తిప్పి చెప్పడం. “అంటే ఎంతమంది చచ్చినా మీకు పర్లేదన్నమాట” అంటే అది తిరిగి చెప్పడం కాదు, కయ్యానికి కాలు దువ్వడం. గొంతు పెరిగితే ఆపేసి మరో రోజుకు వాయిదా వేయండి. ఒక్క రోజులో తేలేది కాదిది.

నాన్నగారి మాటల్లో ముందు రెండు చూద్దాం. రెండింటికీ జవాబుంది, కానీ అవి తేలిగ్గా తీసేసే మాటలు కావు.

మొదటిది వెన్నులో పొడవడం. ఈ మాటకు చరిత్రలో ఒక పుట్టుక ఉంది, అది తెలిస్తే మీ చర్చ నడకే మారుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం చివర, 1918 సెప్టెంబర్ 29న, ఇక నిలబడలేం, వెంటనే కాల్పుల విరమణ అడగండని జర్మన్ ప్రభుత్వానికి చెప్పింది ఆ దేశ సైన్యాధిపతులే: హిండెన్‌బర్గ్, లూడెన్‌డార్ఫ్. ఆ నవంబర్ 11న కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది మాత్రం ఎర్జ్‌బెర్గర్ అనే పౌర నాయకుడికి. ఏడాది తిరిగేసరికి, 1919 నవంబర్ 18న, పార్లమెంటు విచారణ సంఘం ముందు అదే హిండెన్‌బర్గ్ సైన్యాన్ని వెనక నుంచి పొడిచారని చెప్పాడు. యుద్ధం పోయింది రణరంగంలో. నింద పడింది ఇంటి దగ్గర శాంతి కోరినవాళ్ళ మీద, సమ్మె చేసినవాళ్ళ మీద, యూదుల మీద. ఎర్జ్‌బెర్గర్‌ను 1921 ఆగస్టులో కాల్చి చంపారు. ఆ అబద్ధాన్ని నాజీలు ఏళ్ళ తరబడి వాడుకున్నారు. ఇది నాన్నగారికి చెప్పేటప్పుడు ‘మీరు నాజీల మాట మాట్లాడుతున్నారు’ అన్నట్టు చెప్పకండి. ఆయన భయం కొడుకు గురించి, ఆ రాజకీయం ఆయనది కాదు. ఓటమికి కారణం ఎవరన్న లెక్క సరిగ్గా కట్టకపోతే సైనికుడికీ అన్యాయమే జరుగుతుందని చెప్పండి. కొడుకుని పంపించినవాళ్ళు లెక్క చెప్పాలన్నది ఆయన కూడా కాదనలేరు.

రెండో మాట, యుద్ధం అయ్యాక అడుక్కో అన్నది. ఇదే గట్టి వాదం, ఇందులోనే పెద్ద లోపం కూడా ఉంది. యుద్ధం గురించిన నిర్ణయాలన్నీ యుద్ధం జరుగుతుండగానే తీసుకుంటారు. అయ్యాక అడిగితే దొరికేది చరిత్ర, చనిపోయినవాళ్ళు రారు. పైగా, యుద్ధం మధ్యలో ప్రశ్నించడం యుద్ధాన్ని దెబ్బతీస్తుందన్నది అన్నిసార్లూ నిజం కాదు. 1940 మే 7, 8 తేదీల్లో, హిట్లర్‌తో యుద్ధం నడుస్తుండగా, నార్వేలో తగిలిన దెబ్బ మీద బ్రిటన్ దిగువ సభ రెండు రోజులు ప్రభుత్వాన్ని నిలదీసింది. రోజర్ కీస్ అనే నౌకాదళ అడ్మిరల్, ఆయన సభ్యుడు కూడా, పూర్తి యూనిఫారంలో, పతకాలతో సహా వచ్చి సొంత పక్షపు ప్రభుత్వాన్నే తప్పుపట్టాడు. ఓటింగులో 281–200తో ప్రభుత్వం నెగ్గింది. అయినా ఎప్పుడూ ఉండే ఆధిక్యం 81కి పడిపోవడంతో 10వ తేదీన ప్రధాని చేంబర్లిన్ తప్పుకున్నాడు, చర్చిల్ వచ్చాడు. ఆ రెండు రోజులు అందరూ ‘ఇప్పుడు కాదు’ అనుకుని ఊరుకుని ఉంటే ఏమయ్యేదో నాన్నగారినే ఆలోచించమనండి. ఇది యుద్ధ వ్యతిరేకుల ఉదాహరణ కాదు, అందుకే ఆయనకు పనికొస్తుంది. ప్రశ్నించడం, ఓడిపోవాలని కోరుకోవడం ఒకటి కావని ఇది చూపిస్తుంది.

మీ స్థానానికి ఇంకా దగ్గరగా ఉన్నది అబ్రహాం లింకన్ కథ. అమెరికా మెక్సికోతో యుద్ధం చేస్తున్నప్పుడు ఆయన ఇంకా అధ్యక్షుడు కాదు, అమెరికా కాంగ్రెస్ దిగువ సభకు కొత్తగా ఎన్నికైన సభ్యుడు. 1847 డిసెంబర్ 22న తీర్మానాలు పెట్టాడు: మన నేల మీద మన రక్తం చిందిందని అధ్యక్షుడు అంటున్నాడే, ఆ చోటు ఎక్కడో చూపించమనండి అని. 1848 జనవరి 3న, ఈ యుద్ధాన్ని అధ్యక్షుడు అనవసరంగా, రాజ్యాంగ విరుద్ధంగా మొదలుపెట్టాడన్న సవరణ 85–81తో నెగ్గింది. లింకన్ దానికి ఓటేశాడు. సైనికుల తిండికి, జీతాలకు డబ్బు అడిగిన ప్రతిసారీ దానికీ ఓటేశాడు. పదేళ్ళ తర్వాత, 1858 సెనెట్ ఎన్నికల చర్చల్లో, ప్రత్యర్థి డగ్లస్ ఇదే ఎత్తిచూపి దేశం పక్షాన నిలబడలేదని నిందించాడు. లింకన్ జవాబు సూటిగా ఉంది: యుద్ధాన్ని తప్పన్నాను, సైనికుల డబ్బును ఆపలేదు. మొదటి ప్రశ్నకూ నాలుగో ప్రశ్నకూ వేర్వేరు జవాబులు ఒకే మనిషి ఒకేసారి ఇవ్వొచ్చు. మీరు పట్టుకోవాల్సిన దారి అది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందన్న దాంట్లో మాత్రం కొంత నిజముంది, ఒప్పుకోండి. మీ ర్యాలీ ఫొటోలను శత్రుదేశపు టీవీ వాడుకోవచ్చు. దీనికి విరుగుడు నోరు మూసుకోవడం కాదు, మాటను జాగ్రత్తగా ఎంచుకోవడం. మీరు పట్టుకునే ప్లకార్డును అవతలి దేశపు టీవీ చూపిస్తే అందులో వాళ్ళకు పనికొచ్చేది ఏముంటుందో ముందే ఆలోచించండి. ‘మన సైన్యం సిగ్గుపడాలి’ అన్నది వాళ్ళకు బంగారం. ‘రెండు ప్రభుత్వాలూ చర్చలకు కూర్చోవాలి’ అన్నదాన్ని చూపిస్తే వాళ్ళకూ చిక్కే. అవతలి సైన్యం చేసిన తప్పుల గురించి నోరెత్తకుండా మన తప్పులే లెక్కపెట్టే సంస్థ పిలుపు ఇస్తే, ఆ పిలుపు కరపత్రం పూర్తిగా చదివి, నచ్చకపోతే వెళ్ళకండి. శాంతి అనే పదం రాసి ఉన్నంత మాత్రాన అన్ని సభలూ ఒకటి కావు.

ఇంకో సంగతి. యుద్ధం మొదలైన తొలి వారాల్లో జనం ప్రభుత్వం చుట్టూ చేరతారు. ఇది చాలా దేశాల్లో కనిపించిందే. 1991 గల్ఫ్ యుద్ధం ముగిసేసరికి గాలప్ సర్వేలో అమెరికా అధ్యక్షుడు బుష్‌కు 89 శాతం మద్దతు ఉంది. తర్వాతి ఏడాది నవంబర్‌లో ఆయన ఎన్నికల్లో ఓడిపోయాడు. మొదటి నెలలో మాట్లాడితే రాళ్ళు పడే మాటకే ఆరో నెలలో తలలు ఊగడం మామూలే. మీరిప్పుడు ఐదో నెలలో ఉన్నారు, మొదటి ఆవేశం కాస్త దిగి ఉంటుంది. బంధువుల కోపాన్ని శాశ్వతం అనుకోకండి.

ఆ గ్రూపు సంగతి. అందులో యుద్ధం గురించి ఇక ఒక్క అక్షరం రాయకండి. “ఈ విషయం మీద నా అభిప్రాయం తెలుసుకోవాలనుకునేవాళ్ళు నాకు ఫోన్ చేయండి. ఇక్కడ అన్నయ్య క్షేమం కబుర్లు మాత్రం పెట్టుకుందాం” అని ఒకసారి రాసి వదిలేయండి. దేశద్రోహి అన్నవాళ్ళకు సమాధానం ఇవ్వొద్దు, గ్రూపులోంచి బయటికి రావొద్దు. బయటికొస్తే అన్నయ్య కబురు మీకు అందరికంటే చివర తెలుస్తుంది. ఫోన్ చేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురే ఉంటారు, వాళ్ళతో మాట్లాడటమే పని. ఒక ముఖ్యమైన హెచ్చరిక: ఆ ‘క్షేమం కబుర్లలో’ దళం పేరు, ఊరు, సెలవు తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి మారారన్నది ఎవరూ పెట్టకుండా చూడండి. అన్నయ్య పంపిన ఫొటో ముందుకు పంపొద్దు. వెనక కనిపించే వంతెనో, కొండో, గోడ మీది రాతో చాలు చోటు పట్టేయడానికి. సైనికుడికి నిజంగా ప్రాణాపాయం తెచ్చేవి ఇలాంటివి, ర్యాలీలో నినాదం కాదు. తమాషా ఏమిటంటే వీటిని ఎక్కువగా పెట్టేది గర్వంతో పొంగిపోయే బంధువులే. ఈ ఒక్క విషయంలో మీరూ నాన్నగారూ తప్పకుండా ఒక్క మాట మీద ఉంటారు. అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

ర్యాలీకి ముందు చట్టం చూసుకోండి. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 19, 21 అధికరణాలు మాట్లాడే హక్కును, శాంతియుతంగా గుమిగూడే హక్కును గుర్తిస్తాయి. కానీ 4వ అధికరణం ప్రకారం దేశం మనుగడకే ముప్పు వచ్చిన అత్యవసర స్థితిలో వాటిని ప్రభుత్వాలు కొంతమేర పక్కన పెట్టొచ్చు. అంతరాత్మ స్వేచ్ఛను చెప్పే 18వ అధికరణాన్ని అప్పుడు కూడా పక్కన పెట్టడానికి వీల్లేదు. ఆచరణలో దేశానికీ దేశానికీ చాలా తేడా. 1918 జూన్ 16న సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ యుద్ధాన్ని తప్పుపడుతూ అమెరికాలోని కాంటన్‌లో ఇచ్చిన ఒక్క ఉపన్యాసానికి పదేళ్ళ జైలు శిక్ష పడింది. జైల్లోంచే 1920 అధ్యక్ష ఎన్నికల్లో నిలబడితే 9 లక్షలకు పైగా ఓట్లొచ్చాయి, 1921 డిసెంబర్‌లో విడుదలయ్యాడు. అదే దేశంలో 1965 డిసెంబర్‌లో, వియత్నాంలో ఇరువైపులా చనిపోయినవాళ్ళ కోసం చేతికి నల్ల గుడ్డ కట్టుకుని బడికెళ్ళిన పిల్లల్ని బయటికి పంపితే, ఎవరి చదువుకూ అడ్డు రాని ఆ నిరసన వాళ్ళ హక్కేనని సుప్రీంకోర్టు 1969 ఫిబ్రవరి 24న 7–2తో తీర్పిచ్చింది. రష్యాలో 2022 మార్చి 4న తెచ్చిన చట్టాల కింద సైన్యాన్ని కించపరిచారంటూ కేసులు పెట్టారు, ఖాళీ కాగితం పట్టుకున్నవాళ్ళను కూడా పట్టుకెళ్ళారు. కాబట్టి ఇంకో దేశంలో నడిచింది కదా అని మీ దగ్గర నడుస్తుందనుకోవద్దు. స్థానికంగా ఇలాంటి కేసులు చూసే లాయర్‌ను మూడు విషయాలు అడగండి: అత్యవసర స్థితి ప్రకటన అమల్లో ఉందా, ర్యాలీకి అనుమతి లేదా ముందస్తు నోటీసు ఇచ్చారా, సైన్యాన్ని విమర్శించడం మీద ప్రత్యేక చట్టం ఉందా. అనుమతి ఉందని నిర్వాహకులు నోటిమాటగా చెప్తే చాలదు. కాగితం మీద తేదీ, దారి, మొదలయ్యే, ముగిసే వేళలు చూడండి. అరెస్టులు నినాదాల వల్లే కాదు, ముగింపు వేళ దాటినా కదలకపోవడం వల్లా, దారి మళ్ళడం వల్లా కూడా జరుగుతాయి.

ఇక ప్లకార్డు. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మీరు మాట్లాడేది దానితోనే. చేతిలో పట్టుకునే అట్ట అడ్డం మూడడుగులు, ఎత్తు రెండడుగులు అనుకోండి. అంగుళం ఎత్తు అక్షరం పదడుగుల దూరం నుంచి సుఖంగా చదవొచ్చన్నది బోర్డులు రాసేవాళ్ళ లెక్క. రోడ్డుకు అవతల నిలబడినవాళ్ళు చదవాలంటే కనీసం మూడంగుళాల అక్షరం కావాలి. తెలుగులో రాస్తే పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి వరసకూ వరసకూ మధ్య దాదాపు అక్షరమంత ఖాళీ వదలాలి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడులతో కలిసి ఏదీ చదవలేరు. అంటే మూడు వరసలు, వరసకు ఏడెనిమిది అక్షరాలు. అంతకు మించి రాస్తే అది ప్లకార్డు కాదు, కరపత్రం. తెల్ల అట్ట మీద నల్ల అక్షరం. ఎర్ర అక్షరం ఫొటోలో మసకబారుతుంది.

ఆ మూడు వరసల్లో ఎవరిని అడుగుతున్నారో తెలియాలి. ‘యుద్ధం ఆపండి’ అంటే ఎవరు ఆపాలి? సైనికుడు ఆపలేడు. ‘యుద్ధ లక్ష్యమేమిటి? ప్రభుత్వం చెప్పాలి’, ‘చర్చలు ఎప్పుడు?’ లాంటివి నిర్ణయం తీసుకునేవాళ్ళ గుమ్మానికి వెళ్తాయి. ‘హంతకులు’ లాంటి మాట వెళ్ళేది మీ వదిన గదికి. అన్నయ్య ఫొటో, పేరు, యూనిఫారం, ‘నేను సైనికుడి చెల్లెలిని’ అన్న మాట కూడా అన్నయ్య ఒప్పుకోకుండా వాడొద్దు. అది మీ మాటకు బలం ఇస్తుంది, నిజమే. కానీ చాలా సైన్యాల్లో విధుల్లో ఉన్నవాళ్ళు రాజకీయ ప్రదర్శనల్లో కనిపించకూడదన్న నియమం ఉంటుంది. ఆయన పేరు మీద మాట్లాడినట్టు కనిపిస్తే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే.

జెండా గురించి ఒక మాట. జెండా తగలబెట్టడం కొన్ని దేశాల్లో నేరం కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1989లో దాన్ని భావప్రకటన కిందే లెక్కకట్టింది. అయినా ఎవరైనా అగ్గిపుల్ల తీస్తే అక్కడి నుంచి వచ్చేయండి. పదివేల మంది మౌనంగా నడిచినా ఆ సాయంత్రం టీవీలో కనిపించేది ఆ మంట ఒక్కటే. కావాలంటే మీరే జాతీయ జెండా పట్టుకెళ్ళండి. అది ఒక పక్షానికి రాసిచ్చిన ఆస్తి కాదు.

ఎదురుగా గుంపు వచ్చి తిడితే ఆగకండి, జవాబివ్వకండి, ఫోన్ ఎత్తి వీడియో తీయకండి. ఒకరు ఆగితే ఇద్దరు ఆగుతారు, చుట్టూ వలయం కడతారు, తోపులాట మొదలయ్యేది ఆ వలయంలోనే. వాలంటీర్‌కు చెప్పి నడుస్తూ ఉండండి. ఒంటరిగా వెళ్ళొద్దు, తోడు ఒకరు ఉండాలి, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. ఫోన్‌లో వేలిముద్ర, ముఖం తాళాలు తీసేసి అంకెల తాళం పెట్టండి. లొకేషన్ ఆపండి. అన్నయ్య సందేశాలు ఆ ఫోన్‌లో ఉంటే ఆ రోజుకు వేరే ఫోన్ తీసుకెళ్ళడమే మేలు. లాయర్ నంబర్ చెరగని ఇంకుతో ముంజేతి మీద రాసుకోండి. గుర్తింపు కార్డు, నీళ్ళు, రోజూ వేసుకునే మందులు ఉంటే రెండు పూటలకు సరిపడా దగ్గర పెట్టుకోండి.

ర్యాలీకి ముందు రోజుల్లో మీ దగ్గరి సైనికుడు ఎవరైనా చనిపోయిన వార్త వస్తే? ర్యాలీ తేదీ మార్చమని నిర్వాహకులను అడిగే చనువుంటే అడగండి. మార్చకపోతే ఆ ఇంటి వీధి మీదుగా, అంత్యక్రియల దారిలో మాత్రం వెళ్ళొద్దు. ఆ ఇంటికి వెళ్ళి పలకరించేటప్పుడు యుద్ధం గురించి మాట్లాడొద్దు.

ర్యాలీ ఒక్కటే దారి కూడా కాదు. సైనికుల ఇళ్ళ నుంచే పుట్టిన నిరసనలు ఎక్కువ దూరం వెళ్ళిన సందర్భాలున్నాయి. 1997 ఫిబ్రవరి 4న ఇజ్రాయెల్‌లో, లెబనాన్‌కు సైనికుల్ని తీసుకెళ్తున్న రెండు హెలికాప్టర్లు గుద్దుకుని 73 మంది చనిపోయారు. ఆ తర్వాత, కొడుకులు సైన్యంలో ఉన్న నలుగురు తల్లులు ఒక ఉద్యమం మొదలుపెట్టారు, దాని పేరే ‘నలుగురు తల్లులు’. కూడళ్ళలో ప్లకార్డులతో నిలబడ్డారు, పార్లమెంటు సభ్యుల్నీ మంత్రుల్నీ కలిశారు, అడిగింది ఒక్కటే: లెబనాన్ నుంచి సైన్యాన్ని వెనక్కి తీసుకురండి. 1999 ఎన్నికల్లో ప్రధాని పదవికి పోటీ చేసిన ఎహుద్ బరాక్ అదే వాగ్దానం చేసి గెలిచాడు, 2000 మేలో సైన్యం వెనక్కి వచ్చింది. వాళ్ళ ఒక్కరి వల్లే జరిగిందని అనలేం. కానీ ఆ తల్లులను సైనికుల శత్రువులు అనడం కష్టమైంది, వాళ్ళ డిమాండు ఒక్కటే కాబట్టి పక్కదారి పట్టించడమూ కష్టమైంది. మీ వదినకు గానీ, అలాంటి ఇంకో ఇంటికి గానీ తమంతట తాముగా మాట్లాడాలనిపిస్తే వాళ్ళ వెనక నిలబడండి. మీరు ముందుకు తోయకండి.

మీ ప్రజాప్రతినిధికి ఉత్తరం రాయండి. ఒక పేజీ, ఇరవై వాక్యాల లోపు. ఒకే డిమాండు: ఉదాహరణకు, యుద్ధ లక్ష్యాల మీద సభలో చర్చ పెట్టించాలని. చివర అవుననో కాదనో జవాబు రావాల్సిన ప్రశ్న: “ఈ చర్చ కోరుతూ మీరు నోటీసు ఇస్తారా?” పది డిమాండ్లు రాస్తే తేలికైనదానికి జవాబిచ్చి మిగతావి వదిలేస్తారు. మూడు వారాల్లో జవాబు రాకపోతే అదే ఉత్తరాన్ని పాత తేదీతో జతపరిచి మళ్ళీ పంపండి. ఈ ఉత్తరం మీద నాన్నగారు కూడా సంతకం పెట్టొచ్చు. యుద్ధాన్ని సమర్థించే తండ్రి కూడా కొడుకు ఏ లక్ష్యం కోసం పోరాడుతున్నాడో తెలుసుకోవాలనే అంటాడు. ఆయన్ని ర్యాలీకి రమ్మనడం కంటే ఇది అడగడం మేలు.

ఇంటికి చేయాల్సిన సేవ కూడా మానకండి. 1899లో దక్షిణాఫ్రికాలో బ్రిటిష్‌వాళ్ళకూ, బోయర్లనే డచ్ సంతతివాళ్ళకూ యుద్ధం వచ్చినప్పుడు గాంధీ మనసు బోయర్ల వైపే ఉంది, అది ఆయనే రాసుకున్నాడు. అయినా బ్రిటిష్ సైన్యపు గాయపడ్డవాళ్ళను మోయడానికి దాదాపు 1,100 మంది భారతీయులతో అంబులెన్స్ దళం కట్టాడు. ఆయన నిర్ణయం సరైనదా కాదా అన్న చర్చ ఇప్పటికీ ఉంది, మీరు దాన్ని అనుసరించాలనీ కాదు. గాయపడ్డవాడిని మోయడానికి యుద్ధాన్ని ఒప్పుకోనవసరం లేదన్నంత వరకు తీసుకోండి. రక్తం ఇవ్వొచ్చు. మీ ఇంట్లోనే పిల్లల చదువు, వదిన తిరగాల్సిన ఆఫీసు పనులు ఉన్నాయి.

చివరగా అన్నయ్య. వారానికో ఉత్తరమో సందేశమో పంపండి. పిల్లల కబుర్లు, ఇంటి కబుర్లు రాయండి, రాజకీయం వద్దు. ఆయన ఫోన్‌ను, ఉత్తరాలను వేరేవాళ్ళు చూసే అవకాశం ఉంటుంది, యుద్ధం మీద ఆయన అభిప్రాయం అడిగితే జవాబివ్వడమే ఆయనకు ఇరకాటం. ర్యాలీ సంగతి ఆయనకు బంధువుల నోట తెలియకూడదు. ముందే మీరే ఒక్క మాట చెప్పండి: “యుద్ధం ఆపమని ప్రభుత్వాన్ని అడగడానికి వెళ్తున్నాను, నీ పేరు ఎక్కడా రాదు. నీకు ఇబ్బంది అనిపిస్తే చెప్పు.” ఆయన వద్దంటే ఆ ర్యాలీ మానేసి ఉత్తరం దారి పట్టండి, ఏ కారణంతో వద్దన్నాడో చెప్పే స్వేచ్ఛ ఆయనకు ఉండకపోవచ్చు. ఏమీ అనకపోతే వెళ్ళండి. ఆ రోజు ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో కాగితం మీద రాసి నాన్నగారి చేతికివ్వండి. ఆయన తీసుకోకపోతే బల్ల మీద పెట్టి వెళ్ళండి, చెప్పిన వేళకు ఇంటికి రండి.